ఓట్స్ మూత తీసిందెవరు?

మిర్యాలగూడలో మేం కొత్తగా కాపురం పెట్టిన ఆ కాలంలో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, దయ్యాలు చదువుకున్నవాళ్ళకే కనిపిస్తాయని (పదో తరగతి లెక్కల పరీక్ష దగ్గరే బడికి దండం పెట్టి వచ్చేసినదాన్ని కాబట్టి నాకా బెంగ లేదు). రెండోది, వంటింట్లో ఏది చెడిపోయినా దానికి ఉప్పో, నిప్పో, అత్తో కారణమై ఉంటుందని. ఇరవై రెండేళ్ళ మనిషికి ఇంతకంటే ఎక్కువ జ్ఞానం అవసరం పడదు. కానీ మంట లేకుండా ఉడికే ఒక కుండ వారం రోజుల పాటు నా నమ్మకాలు రెండింటినీ కలిపి కవ్వంతో చిలికేసింది. ఇప్పుడు సూర్యాపేటలో నా కొట్టుకొచ్చి పొద్దున్నే ఓట్స్ తినేవాళ్ళు "అక్కా, ఇంత మెత్తగ ఎట్ల చేస్తవ్?" అని అడుగుతుంటారు. నవ్వి ఊరుకుంటాను. చెప్పడం మొదలుపెడితే చెంచా అక్కడే పెట్టి లేచిపోతారు.

మా ఆయన అప్పట్లో దామరచర్ల వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియన్. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. సాయంత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని పోతే మళ్ళీ పొద్దున ఏడున్నరకి ఎర్రటి కళ్ళతో వచ్చేవాడు. రైస్ మిల్లుల వెనక సందులో రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాం. రాత్రంతా మిల్లులు గుయ్యిమని మోగుతూనే ఉండేవి. ఆ మోత అలవాటయ్యాక అది మోగినంత సేపూ నిద్ర పట్టేది, ఆగితే మెలకువ వచ్చేది. నాకు తోడుగా తిరుమలగిరి నుంచి మా అత్తమ్మ వచ్చి ఉండేది. తోడుగా వచ్చిందే గానీ ఆమె ప్రాణమంతా తిరుమలగిరిలోనే ఉండేది. "ఈ ఊర్ల గాలి పీలిస్తె గూడ నోట్లెకు ఊక వస్తదే" అని గొణిగేది. మా ఆయన కూడా ఒకరోజు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు: "నా ఒక్కని జీతంతోని ఈడ ఎల్తలేదు. నువ్వు గూడ ఏదన్న పని చూసుకుంటే ఉందాం. లేకుంటే వచ్చే నెలకు ఊరికి పోయి పత్తి ఏరుడే." పత్తి ఏరడమంటే నాకు పుట్టినప్పటి నుంచి పడదు. పత్తికాయ అంచులు గీసుకుపోయి వేళ్ళ నిండా గాట్లు పడేవి. ఆ చేతులతో కారం కలుపుకుని తిన్నదానికే తెలుస్తుంది పట్నమంటే ఎందుకంత ప్రేమో.

పనీ దొరికింది. మా సందు చివర ఒక జిమ్ము ఉండేది. దాన్ని నడిపే అన్న భుజాలు ఎంత వెడల్పంటే, తన జిమ్ము వాకిట్లోంచి తానే పక్కకి తిరిగి లోపలికి పోయేవాడు. తన దగ్గరికొచ్చే కుర్రాళ్ళు పన్నెండు మందికి పొద్దున ఆరింటికి ఓట్స్ కావాలన్నాడు. అదీ పొయ్యి మీద గిరగిరా తిప్పి దించేది కాదట, రాత్రంతా సన్నటి వేడి మీద ఉడికి వెన్నలా అయ్యేదట. "నువ్వు చేస్తనంటే ఒక్క వారం చూస్త చెల్లే. ఆదివారం దాక మంచిగుంటె ఇగ నెలనెలా నీకే" అన్నాడు. మా ఆయన కూడా దానికే ఒప్పుకున్నాడు. ఆదివారానికి ఓట్స్ నిలబడితే మిర్యాలగూడ, లేకపోతే తిరుమలగిరి పత్తి చేను. నా బతుకు ఒక జావ మీద ఆధారపడిందన్న మాట.

ఆ జావ వండే కుండ కోదాడ నుంచి వచ్చింది. మా ఆడబిడ్డ అక్కడ ఇంజనీరింగు కాలేజీలో ల్యాబుల్లో పని చేస్తుంది. స్లో కుక్కరు అని ఒకటి ఆన్‌లైన్లో కొనుక్కుని, రెండుసార్లు వాడి, అటక మీద పడేసింది. "తీసుకుపో వదినా. రాత్రి అన్నీ పడేసి స్విచ్చి వేసి పడుకో, పొద్దున లేచేసరికి అదే అయిపోద్ది. నీకు కష్టమేమీ ఉండదు" అని నా చేతిలో పెట్టింది. లోపల పింగాణీ గిన్నె, పైన గాజు మూత, ముందు వైపు ఒక చిన్న ఎర్ర లైటు. ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెడితే అత్తమ్మ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "మంట లేకుంట రాత్రంత ఉడికేదాన్ని ఏమంటరో ఎరికేనా? కుళ్ళుడంటరు" అంది.

మొదటి రోజు నిజంగానే చెడింది, కానీ దాంట్లో వింతేమీ లేదు. అంచుల చుట్టూ నల్లగా మాడి, మధ్యలో గంజిలా పలచగా, పైన ఒక తోలు. ధైర్యం చేసి అదే గిన్నెల్లోకెత్తి పట్టుకుపోయాను. జిమ్ము అన్న చెంచా నిలబెట్టి చూశాడు. నిలబడింది. "చెల్లే, ఇది తిననీకె తెచ్చినవా, పోస్టర్లు అంటించనీకె తెచ్చినవా?" అన్నాడు. వెంటనే కోదాడకి ఫోన్ చేశాను. ఆడబిడ్డ అవతల తల కొట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది. "పలచటి అటుకుల్లాంటివి వేసుంటావ్ వదినా! అవి రెండు నిమిషాల్లో అయ్యేవి. వాటిని రాత్రంతా ఉడికిస్తే జిగురు కాక ఏమవుద్ది? గింజని ముక్కలుగా కొట్టినవి ఉంటాయి, గట్టివి, అవి తెప్పించు. ఒకటికి నాలుగు నీళ్ళు పొయ్యి. గిన్నెకి ముందే నెయ్యి రాయి. వేడి తక్కువలో పెట్టు. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో మూత మాత్రం తియ్యొద్దు. తీశావంటే ఉన్న వేడంతా పోద్ది, మళ్ళీ ఎక్కడానికి గంట పడుద్ది." ఆ గట్టి ఓట్స్ మిర్యాలగూడలో నాకు దొరకలేదు. సాయంత్రానికల్లా సూర్యాపేట నుంచి బస్సులో తెప్పించాను. నెయ్యి రాశాను, కొలిచి పోశాను, మూత పెట్టాను, దండం కూడా పెట్టాను.

మంగళవారం నాలుగున్నరకి లేచి వంటింట్లోకి పోయాను. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. కానీ మూత కుక్కరు మీద లేదు. పక్కన గట్టు మీద వెల్లకిలా పెట్టి ఉంది, దాని లోపల తెడ్డు. తెడ్డుకి తడి ఆరలేదు. ఓట్స్ సగమే ఉడికి, గోరువెచ్చగా, కింద ఇసుకలా పేరుకుని ఉన్నాయి. ఒక పుల్లటి వాసన. నేనే మరిచిపోయానేమో అనుకున్నాను గానీ, మూత పెట్టి మూడుసార్లు తట్టి మరీ పడుకున్న సంగతి నాకు బాగా గుర్తు. గబగబా గ్యాసు మీదకెక్కించి, అరటిపండ్లు పిసికి కలిపి, ఎలాగో పట్టుకుపోయాను. కుర్రాళ్ళు మొహాలు చిట్లించుకుంటూ తిన్నారు. "పుల్లగెందుకుంది చెల్లే?" అన్నాడు జిమ్ము అన్న. "పేగులకు మంచిదన్నా, కొత్త రకం" అన్నాను. నోరు నాది కదా, వంటలా మాడదు.

"పందికొక్కు అయ్యుంటది" అని మా ఆయన తేల్చేశాడు. సరేనని ఆ రాత్రి మూత మీద రోలు పొత్రం ఎత్తి పెట్టాను. గాజు పగులుతుందేమోనని కింద మడత పెట్టిన బట్ట కూడా వేశాను. బుధవారం పొద్దున చూస్తే పొత్రం గోడ వారన నిలువుగా, బుద్ధిగా నిలబడి ఉంది. మూత మళ్ళీ వెల్లకిలా. కుక్కరు మూతికి మాత్రం నేను వేసిన ఆ తెల్లబట్టే చుట్టి, పక్కన గట్టిగా ముడి వేసి ఉంది. నేను ఆ ముడిని వంగి వంగి చూశాను. పందికొక్కు మూత తోయగలదు, పొత్రం కూడా దొర్లించగలదు అనుకుందాం. ముడి వేయడం ఏ పందికొక్కుకి వస్తుంది? పైగా అది తొందరలో వేసిన ముడి కాదు. అలవాటైన చెయ్యి వేసిన ముడి. సరిగ్గా అప్పుడే మిల్లు మోత ఆగిపోయింది. నా ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి (అవి చదువుకున్న వెంట్రుకలయ్యుంటాయి).

అత్తమ్మని లేపి చూపించాను. ఆమె మొహం పాలిపోయింది. "అయ్యో బిడ్డా! కిరాయి తక్కువకిచ్చిండ్రంటెనే అనుకున్న. ఇంతకు ముందు ఈ ఇంట్ల ఎవరో ఆకలితోని పోయిండ్రే" అని గుండెలు బాదుకుంది. ఉప్పు తెచ్చి కుక్కరు చుట్టూ మూడుసార్లు తిప్పి పారేసింది. నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి దాని పిడికి కట్టింది. ఆ రాత్రి కుక్కరు వేడికి నిమ్మకాయ ఉడికి ఇల్లంతా ఊరగాయ వాసన కొట్టిందే తప్ప వచ్చేది రాకుండా పోలేదు. గురువారం కూడా అదే మూత, అదే బట్ట, అదే ముడి, అదే పులుపు. మా ఆయనకి ఫోన్ చేసి ఏడుపు గొంతుతో చెబితే ఆయన పకపకా నవ్వాడు. "నువ్వే నిద్రల లేసి తింటున్నవేమో! పెండ్లికి ముందు మీ అమ్మ ఈ ముచ్చట చెప్పనేలే."

నవ్వులాటకి అన్నాడని తెలుసు. కానీ ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. రాత్రి ఆ తెడ్డు తిప్పేది నా చేతులే అయితే? పొద్దున లేచి నా అరచేతులు వాసన చూసుకోవడం మొదలుపెట్టాను. ఇక లాభం లేదని గురువారం రాత్రి నా కుడికాలిని చున్నీతో మంచం కోడుకి కట్టేసుకుని పడుకున్నాను. శుక్రవారం అలారం మోగగానే ఆ సంగతి మరిచిపోయి లేచాను. లేవడం ఏమిటి, మంచాన్ని లాక్కుంటూ నేల మీద సాష్టాంగపడ్డాను. మోకాలు చీరుకుపోయినా ఒక సంతోషం కలిగింది, కట్టు ఊడలేదు. అంటే నేను కాదు! కుంటుకుంటూ వంటింట్లోకి పోయాను. మూత తీసి ఉంది, బట్ట కట్టి ఉంది. ఈసారి ఇంకొకటి కూడా ఉంది. వాకిలి గడప మీద, లోపలి వైపు, ఒక స్టీలు గ్లాసు. నిండుగా సగం ఉడికిన ఓట్స్. ఎవరో బయటికి పోతూ పోతూ తాగడానికి పెట్టినట్టు. తలుపు గొళ్ళెం మాత్రం రాత్రి నేను వేసింది వేసినట్టే ఉంది. దయ్యానికి ఆకలి ఉందని అత్తమ్మ అంటే నమ్మేసేదాన్నే. కానీ ఇక్కడ దయ్యం తినడం లేదే, ఎవరికో పెడుతోంది.

ఆ రోజు జిమ్ము అన్న నన్ను పక్కకి పిలిచాడు. "చెల్లే, నువ్వు కష్టపడుతున్నవ్, నాకు ఎరికే. గని పోరగాండ్లకు కడుపుల గడబిడైంది. నిన్న ఒకడు బరువెత్తబోయి సగంల ఇడిసిపెట్టి ఉరికిండు. ఆదివారం దాక అన్న గదా, మాట తప్పను. ఆదివారం గూడ గిట్లనే ఉంటె ఇగ తేవద్దు." సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తమ్మ ఫోన్లో కోదాడ బిడ్డతో మాట్లాడుతోంది. "ఇంకెన్ని దినాలే, రెండు దినాలు. ఇగ మనూరికి పోవుడే" అంటోంది. ఆ గొంతులో ఎంత సంతోషమో! నాకు లోపల ఏదో టక్కుమంది. ఊరికి పోవాలని ఉన్నది ఎవరికి? అలవాటుగా ముడి వేయగల చెయ్యి ఎవరిది? ఉప్పు తిప్పినా, నిమ్మకాయ కట్టినా అంతా నాటకమన్న మాట! నా మూడో సూత్రం (ఉప్పు, నిప్పు తర్వాతది) నిజమైపోయిందని ఆ కోపంలోనూ చిన్న గర్వం కలిగింది.

ఆ రాత్రి నిద్రపోయినట్టు నటించి, అత్తమ్మ గురక మొదలవగానే లేచి వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక నక్కాను. చేతిలో ఫోను. పట్టుకోగానే లైటు వేసి, "ఇదేనా నీ దయ్యం?" అనాలని మాట కూడా తయారు చేసి పెట్టుకున్నాను. చీకట్లో ఆ ఎర్ర లైటు ఒక్కటే కన్నులా వెలుగుతోంది. ఎంతసేపు కూర్చున్నానో, దోమలు నన్ను ఎంత తిన్నాయో లెక్కలేదు. మూడు దాటాక మిల్లులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో కాళ్ళ కడియాలు మోగాయి.

అత్తమ్మే. కానీ మా అత్తమ్మలా నడవడం లేదు. పగలు మోకాళ్ళ నొప్పులని గోడ పట్టుకుని నడిచే మనిషి నిటారుగా, వడివడిగా, వయసులో ఉన్న దానిలా వచ్చింది. ఎర్ర లైటు ముందు ఆగింది. ఆ వెలుగు మొహం మీద పడింది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ అందులో చూపు లేదు. మూత తీసి వెల్లకిలా పెట్టింది. తాను రోజూ మూలన పులియబెట్టుకునే గంజి ముంత తెచ్చి కొంచెం వంచింది. తెడ్డుతో మూడు తిప్పులు తిప్పింది. గ్లాసులో పోసి, మిగతా దాని మీద బట్ట కట్టి ముడి వేసింది. నేను లైటు వేయాలని వేలు పెట్టాను, వేలు కదల్లేదు. అప్పుడామె మాట్లాడింది. ఎన్నడూ వినని మెత్తటి గొంతు.

"లే. కరెంటొచ్చింది సూడు. మోటరు పెట్టే యాల్లయింది. గీ అంబలి జర తాగిపో."

మా మామయ్య పోయి అప్పటికి పదిహేనేళ్ళు దాటింది.

ఆమె గ్లాసు పట్టుకుని వాకిలి వైపు నడవబోతూ ఆగింది. మెల్లగా డ్రమ్ము వైపు తిరిగింది. సరిగ్గా నేనున్న చోటికి చెయ్యి చాపింది. "తాగు. ఆకలి కడుపుతోని పోకు. గారోజు నేను లేవకపోతి. జరంల ఒల్లు తెల్వకపాయె. ఇయ్యాల లేసిన గద, తాగు." నేను వేరే ఎప్పుడైనా అయితే ఏదో ఒక జోకు వేసేదాన్ని. అప్పుడు మాత్రం లేచి, ఆ గ్లాసు అందుకున్నాను. సగం ఉడికిన ఓట్స్, పులిసిన గంజి, అడుగున ఇసుకలా గింజలు. లోకంలో ఎవరూ అలాంటిది తాగి ఉండరు. చివరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు ఆమె చేతిలో పెట్టాను. అత్తమ్మ గ్లాసులోకి తొంగి చూసింది. మొహమంతా విప్పారింది. "ఇగ పో. చీకట్ల పైలంగ" అంది. వెళ్ళి పడుకుంది. రెండు నిమిషాలకి మళ్ళీ గురక. నేను తెల్లారేదాకా బియ్యం డ్రమ్ముని కౌగిలించుకుని కూర్చున్నాను.

శనివారం జిమ్ముకి ఓట్స్ పట్టుకుపోలేదు. "శనివారం ఓట్స్ తినొద్దన్నరన్నా" అని ఫోన్ చేశాను. "ఎవరన్నరు?" అన్నాడు. "నేనే" అన్నాను. రేపొక్కటే మిగిలిందని గుర్తు చేసి పెట్టేశాడు. మా ఆయన డ్యూటీ దిగి రాగానే అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. వంటింట్లోకి పోయి కుక్కరు ముందు గొంతు కూర్చుని ఆ ఎర్ర లైటుని చూస్తూ ఉండిపోయాడు.

"మా ఇంట్ల తలుపు పక్కన గిట్లనే ఎర్ర లైటు బుగ్గ ఉండె" అన్నాడు. "అప్పట్ల బాయిలకాడికి కరెంటు రాత్రే ఇస్తుండిరి. ఎప్పుడొస్తదో తెల్వది. బుగ్గ ఎలిగితే వచ్చినట్టు. బాపు పండుకుంటుండె, అమ్మ మాత్రం కండ్లు దానిమీదనే పెట్టి పండుకుంటుండె. బుగ్గ ఎలగంగనె లేసి, అంబలి కలిపి, బాపును లేపి, తాగిచ్చి పంపుతుండె. ఒక్కరోజు జరమొచ్చి లేవలే. బాపే బుగ్గ చూసుకుని ఆకలితోనే పోయిండు. తెల్లారి పోయి చూస్తే స్టార్టర్ డబ్బ కాడ…" తర్వాత తన సంచీలోంచి నల్ల టేపు తీసి, ఇంత ముక్క చింపి, ఎర్ర లైటు మీద అంటించాడు. పళ్ళతో టేపు తెంపుతున్నప్పుడు ఆయన కళ్ళు డ్యూటీ వల్ల ఎర్రబడ్డాయో మరెందుకో నేను అడగలేదు. "అమ్మకు చెప్పకు" అని మాత్రం అన్నాడు.

ఆదివారం నాలుగున్నరకి వంటింట్లోకి పోయాను. చీకటి. మూత మూతగానే ఉంది. దాని లోపల ఆవిరి చుక్కలు కట్టి ఉన్నాయి. తీయగానే నెయ్యి వాసన, ఉడికిన గింజ వాసన, ఎక్కడా మాడు లేదు, తోలు లేదు. గరిటె దించితే వెన్నలో దిగినట్టు దిగింది. జిమ్ము అన్న ఒక గిన్నె తిన్నాడు. గిన్నె మళ్ళీ ముందుకి తోశాడు. రెండోది కూడా తిని, చెయ్యి తుడుచుకుని, "రేపటి సంది పన్నెండు కాదు చెల్లే, ఇరవై తే" అన్నాడు. నేను ఇంటి దాకా నడిచి వచ్చానో ఎగిరి వచ్చానో గుర్తు లేదు. మిర్యాలగూడ నాది! పత్తి చేనుకీ నాకూ తెగిపోయింది!

వాకిట్లో అత్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరో చెప్పకుండా వెళ్ళిపోయినట్టు.

"ఏమైందత్తమ్మా, నిద్ర పట్టలేదా?"

"పట్టింది. మంచిగ పట్టింది. గదే మరి." సిగ్గుపడుతున్నట్టు నేల మీద గీతలు గీస్తూ అంది. "నవ్వకు. ఈ వారం దినాల సంది మీ మామ రోజు కలలకొస్తుండెనే. అంబలి ఇస్తుంటి. రోజు నిలబడి సూసి పోతుండె, ముట్టకపోతుండె. మొన్న రాత్రయితే గ్లాసు ఎత్తి సుక్క మిగలకుండ తాగిండు. ఇగ నా మీద కోపం పోయింది అనుకున్న. రాత్రి ఎంత సూసినా రాలే. నేనేమన్న అంటినా మరి?"

వారం రోజులు తల బద్దలు కొట్టుకుని కనిపెట్టిన రోగం, ఒక టేపు ముక్కతో కుదిర్చిన రోగం! ఓట్స్ బాగుపడ్డాయి, నిజమే. పదిహేనేళ్ళకి ఇంటికొచ్చిన మనిషిని మళ్ళీ చీకట్లోకి పంపేశాం.

ఆ మధ్యాహ్నం బజారుకి పోయి ఒక ఎర్ర జీరో బల్బు, ఒక మట్టి ముంత తెచ్చాను. జొన్నపిండితో అంబలి కాచి చల్లార్చాను (కాయడం చేతకాక రెండుసార్లు పారబోశాను, ఈ సంగతి అత్తమ్మకి ఇప్పటికీ తెలియదు). స్లో కుక్కరుని మా గదిలో అలమరలో పెట్టి తలుపు మూశాను. వంటింటి గట్టు మీద ముంత, పక్కన తెడ్డు, తెల్లబట్ట, గ్లాసు. పైన ఎర్ర బల్బు. మా ఆయన డ్యూటీకి పోతూ చూశాడు. బల్బు హోల్డరు సరిగ్గా బిగించి పోయాడు.

తెల్లారి చూస్తే ముంతకి బట్ట కట్టి ఉంది, ముడి వేసి ఉంది. గడప మీద గ్లాసు. ఖాళీ గ్లాసు. నేను తాగలేదు, ఆ రాత్రి వారానికి సరిపడా నిద్రపోయాను. మా ఆయన ఇంట్లో లేడు. "అత్తమ్మా, రాత్రి లేసి ఏమన్న తాగినవా?" అని ఊరికే అన్నట్టు అడిగాను. "థూ! పండ్లు తోముకోకుంట ఏం తాగుతనే? నేనేమన్న పసుల్దాన్నా?" అని కసిరింది. కసిరిందే గానీ ఆ పొద్దంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. తిరుమలగిరి మాట ఆ తర్వాత ఎత్తలేదు. అమ్మే నిద్రలో తాగుతుందని మా ఆయన తీర్పు. అయ్యుండొచ్చు. బియ్యం డ్రమ్ము వెనక మరోసారి కూర్చుంటే తేలిపోయేదే. అన్నేళ్ళలో ఒక్కసారీ కూర్చోలేదు. నేను బాగు చేస్తానని పెట్టుకున్నది ఓట్స్‌ని, అంతే.

తర్వాత సూర్యాపేటకి మారాం, ముంతతో, ఎర్ర బల్బుతో సహా. ఒక కుక్కరు మూడయ్యాయి. వాటి లైట్లన్నిటి మీదా నల్ల టేపే. కిందటి ఏడు అత్తమ్మ పోయింది, నిద్రలోనే, తెల్లవారుజామున. బల్బు తీసేద్దామని మా ఆయన స్టూలెక్కాడు, మళ్ళీ ఎందుకో దిగిపోయాడు. ముంత పెట్టడం నేనూ మానలేదు. ఇప్పుడు గ్లాసు నేనే పోసి గడప మీద పెడుతున్నాను. పొద్దున చూస్తే నిండుగానే ఉంటుంది, ఒక్క చుక్క తగ్గదు. ఇరవై రెండేళ్ళ ఆ పిల్లయితే "చూశావా, దయ్యమూ లేదు గియ్యమూ లేదు, అన్నాళ్ళూ తాగింది అత్తమ్మే" అని తేల్చేసి, దండెం మీద చున్నీ లాగి భుజాన వేసుకుని గర్వంగా పోయేది. ఆ పిల్లని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, మోకాలి మీద మచ్చ కూడా కొంచెం సలుపుతుంది. నాకిప్పుడు ఇంకోలా అనిపిస్తుంది. మామయ్యకి అక్కడే వేళకి లేచి కలిపి ఇచ్చే మనిషి దొరికింది కదా, ఇంత దూరం ఎందుకొస్తాడు? అలా అనుకుని, ఆ చల్లటి అంబలి నిలబడే గటగటా తాగేసి, చీకట్లో పైలంగా కొట్టు తెరవడానికి పోతుంటాను.